మా ఆయన రెండో ఎడమచెయ్యి

తేదీ 20-11-2025, గురువారం. ఉదయం 9 గంటల 20 నిమిషాలకు మొదలుపెట్టినది. చెప్పినవారి మాటల ప్రకారం మహిళా కానిస్టేబుల్ సూర్యకళ రాసినది.

నా పేరు కొల్లాటి అప్పాయమ్మ. భర్త పేరు చిట్టియ్య. నాకు యాభై రెండేళ్ళు. కార్డులో యాభై ఐదు ఉంటుంది, అది తప్పు, రాసినవాడి తొందర. మాది ఆత్రేయపురం దగ్గర గోదావరి గట్టు కింద ఊరు. మేము వేట మీద బతికేవాళ్ళం. పుట్టింట్లో వల అల్లడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక పూతరేకులు తీయడం నేర్చుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా కుండ మీద రేకులు తీస్తున్నాను. ఆరు నెలలుగా వారానికి మూడు మధ్యాహ్నాలు రాజమండ్రిలో ఒక నర్సింగ్ కాలేజీ ల్యాబ్‌లో బొమ్మ చేతులకి చర్మం వేస్తున్నాను. ఈ రెండో పనికి పేరేంటో నాకు తెలియదు. సూర్యకళ గారు "కూలీ" అని రాయబోతే వద్దన్నాను. చర్మం వేసే పని అనే రాయమన్నాను.

నన్నెవరూ బలవంతంగా తీసుకురాలేదు. నేనే వచ్చాను. మా ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. ఒంటిగంటకి ఆయన రాజమండ్రి ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ మీద ఉండాలి. అందుకని ఎస్సై సురేంద్ర గారిని ముందే అడిగాను, మధ్యలో టీలూ ఫోన్లూ పెట్టుకోకుండా రాసుకోమని. సరేనన్నారు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మొన్న మంగళవారం తాళ్ళపూడి దిగువన వలలో పడిన ఎడమచెయ్యి మనిషి చెయ్యి కాదు. అది హైడ్రోజెల్‌తో పోసిన బొమ్మ చెయ్యి. ఆ సంగతి నిన్న మీ డాక్టరు గారు కూడా తేల్చారు. దాన్ని గోదావరిలో వదిలింది నేను. ల్యాబ్ టెక్నీషియన్ దేవిశ్రీ కాదు. నిన్న సాయంత్రం ఆ పిల్ల తానే వేశానని మీకు చెప్పిందట. అది అబద్ధం. ఆ అబద్ధం పట్టుకుని కాలేజీ వాళ్ళు సోమవారం నుంచి ఆ పిల్లని రావద్దంటున్నారు. నేను వచ్చింది అందుకే. మొదటినుంచీ చెబుతాను.

మా ఆయనకి రెండేళ్ళ క్రితం కిడ్నీలు రెండూ పోయాయి. ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. మంగళ, గురు, శని వారాల్లో అందులోనే రెండు సూదులు గుచ్చి, రక్తం బయటికి తీసి, మిషన్లో కడిగి లోపలికి పంపుతారు. ఆ కుట్టిన చోట చెయ్యి వేస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అలా మోగుతున్నంతకాలం ఆ చెయ్యి పనిచేస్తున్నట్టు. మోగడం ఆగితే ఆగినట్టే. రోజూ పొద్దున్నే ఆయన కళ్ళు తెరవకముందే నేను ఆ చెయ్యి పట్టుకుని చూస్తాను. మోగుతుంటే లేచి పొయ్యి వెలిగిస్తాను. ఈ రెండేళ్ళలో ఒక్కరోజు మానలేదు.

మే 13, మంగళవారం. కొత్తగా నేర్చుకుంటున్న నర్సమ్మాయి ఆయనకి సూది గుచ్చింది. తప్పింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ తప్పింది. ఐదుసార్లు గుచ్చింది. చెయ్యి మోచేతి దాకా నల్లగా వాచిపోయింది. ఆయన మాత్రం "పర్లేదమ్మా, గోదాట్లో వల వేసిన ప్రతిసారీ చేప పడదు కదా, మళ్ళీ చూడు" అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్డు అదిరిపోయేలా అరిచాను. అక్కడి సీనియర్ నర్సు క్రిస్టినా మేడం గారు నన్ను బయటికి తీసుకొచ్చారు.

"అప్పాయమ్మ గారూ, మీ బాధ నాకు తెలుసండి. కానీ పిల్లలు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదండి," అన్నారు.

"మా ఆయన చెయ్యే దొరికిందాండీ నేర్చుకోడానికి? బొమ్మ చేతులు లేవా?" అన్నాను.

"ఉన్నాయండి. రబ్బరువి. దాంట్లో గుచ్చితే చెప్పులో మేకు గుచ్చినట్టుంటుంది. మనిషి చెయ్యి అలా ఉండదు," అన్నారు.

మేడం గారు కాలేజీలో పాఠం కూడా చెబుతారు. అక్కడ ల్యాబ్‌లో దేవిశ్రీ అనే అమ్మాయి మనిషి కండలా ఉండే చెయ్యి తయారుచేయడానికి తంటాలు పడుతోందని, కావాలంటే వెళ్ళి చూడమని చెప్పారు. మా ఆయన నాలుగు గంటలు మిషన్ మీద ఉంటారు. నాకు అక్కడ గోళ్ళు గిల్లుకోవడం తప్ప పని లేదు. రోడ్డు దాటితే కాలేజీ. వెళ్ళాను.

ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. పెద్దాపురం అమ్మాయి. గదిలో ఒక డీప్ ఫ్రిజ్, ఒక స్టవ్, గిన్నెలు. తెల్లటి పొడిని వేడినీళ్ళలో కరిగించి గంజిలా చేస్తుంది. అచ్చులో పోసి గడ్డకట్టిస్తుంది. బయటపెట్టి కరగనిస్తుంది. మళ్ళీ గడ్డకట్టిస్తుంది. ఒకసారి చేస్తే కొవ్వులా మెత్తగా వస్తుంది, మూడు నాలుగుసార్లు చేస్తే కండలా గట్టిపడుతుంది. నూటికి తొంభై పాళ్ళు అందులో ఉండేది నీళ్ళే. దాన్నే హైడ్రోజెల్ అంటారు. నరాల బదులు సన్నటి రబ్బరు గొట్టాలు, రక్తం బదులు గోరువెచ్చని ఎర్రరంగు నీళ్ళు, వెనక చిన్న మోటారు. ఆ మోటారు తిరిగితే చెయ్యి జుమ్మంటుంది. అంతవరకు బాగానే ఉంది. చర్మం దగ్గర దెబ్బతింటోంది. ఒకేసారి మందంగా పోసేస్తోంది, నిండా బుడగలు.

"ఏంటమ్మాయ్, ఇది చర్మమా, దిబ్బరొట్టా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. ఏడ్చేసింది. అది ఏడో చెయ్యట. నాకు పాపమనిపించింది. గంజి వేలితో తాకి చూశాను. మా రేకుల పిండి కంటే కాస్త చిక్కన, అంతే. పల్చటి గుడ్డ ముంచి, వేడిచేసిన అచ్చు మీద ఒక్క లాగు లాగాను. ఉల్లిపొర లాంటిది వచ్చింది. అది ఆరాక దాని మీద ఇంకోటి. అలా పన్నెండు పొరలు వేశాను. రేకుకి తడి తగలకూడదు, దీనికి తడి ఆరకూడదు, అదొక్కటే తేడా. సూది గుచ్చి చూస్తే ముందు కాస్త ఆగింది, తర్వాత లోపలికి దిగింది. దేవిశ్రీ నా చేతులు పట్టుకుని "పిన్నిగారూ, మీరు రేపట్నుంచి వచ్చెయ్యండి" అంది. ఎల్లుండి నుంచి వస్తానన్నాను. మిషన్ రోజు ఎల్లుండి కదా.

జూన్ 12, గురువారం, మా ఆయన ఎడమచేతికి అచ్చు తీశారు. ఎవరిదో చెయ్యి ఎందుకు, మా ఆయనదే తీయండి, ఈ చెయ్యి వచ్చినవాళ్ళకి ఏ చెయ్యైనా వస్తుందని నేనే అన్నాను. పళ్ళ డాక్టర్లు వాడే గులాబీ పొడి కలిపి, బకెట్లో పోసి, ఆయన్ని మోచెయ్యి దాకా ముంచమన్నారు. ఆయనకి చక్కిలిగింత. కదలొద్దంటే కదులుతారు. రెండు బకెట్లు పాడుచేశాక మూడోది కుదిరింది. గోళ్ళు, వేలిగీతలు, చిన్నప్పుడు గాలం గుచ్చుకున్న మచ్చతో సహా దిగాయి. పచ్చబొట్టు మాత్రం దిగలేదు. అది ఉబ్బెత్తుగా ఉండదు కదా.

ఆ పచ్చబొట్టు సంగతి కూడా చెప్పాలి, మీరు మా ఇంటికి వచ్చింది దాన్ని పట్టుకునే కాబట్టి. పెళ్ళైన ఏడాది పట్టిసీమ తీర్థంలో ఆయన నా పేరు పొడిపించుకున్నారు. అప్పాయమ్మ అని, మణికట్టుకి జానెడు పైన. మూడు రోజులు జ్వరం వచ్చింది. నేను బడికి పోలేదు. నా పేరు రాయడం ఆ చెయ్యి చూసే నేర్చుకున్నాను. నాకు రాయడం వచ్చిన మాట అదొక్కటే. పచ్చబొట్టు లేకపోతే అది మా ఆయన చెయ్యి ఎలా అవుతుంది? అందుకని పదో పొరకీ పదకొండో పొరకీ మధ్య నేనే సిరాతో రాశాను, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, చూసి చూసి. ఎవరూ రాయమనలేదు. దేవిశ్రీ వద్దని కూడా అంది. నేను వినలేదు.

చెయ్యి పూర్తయిన రోజు క్రిస్టినా మేడం గారు నన్ను కళ్ళు మూసుకోమని, ఒక చేతిలో ఆయన చెయ్యి, ఇంకో చేతిలో జెల్ చెయ్యి పెట్టారు. రెండూ ఒకే వేడి, రెండూ జుమ్మంటున్నాయి. నా మొగుడి చెయ్యి నేను పోల్చుకోలేకపోతే ఎంత సిగ్గుచేటు అని భయం వేసింది. అప్పుడు ఒక చిటికెన వేలు నా అరచేతిలో మెల్లగా గీకింది. "ఇది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అలా మోసం చేసి నన్ను గెలిపించారు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాసుకోండి, పర్లేదు.

ఆ తర్వాత పిల్లలందరూ ఆ చేతి మీదే నేర్చుకున్నారు. "చిట్టియ్య బాబాయి చెయ్యి" అనేవారు. ఆగస్టు 26, మంగళవారం, రామతులసి అనే అమ్మాయి, అలా నేర్చుకున్నాక మొదటిసారి, మా ఆయనకి గుచ్చింది. మే నెలలో ఐదుసార్లు తప్పిన పిల్లే. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. కాసేపటికి "గుచ్చమ్మా, ఎంతసేపూ" అన్నారు. "గుచ్చేశాను బాబాయ్, రెండు సూదులూ అయిపోయాయి" అంది. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ పిల్ల మీద అంత అరిచినందుకు కొంత, సంతోషానికి చాలా.

అక్టోబరు 24, శుక్రవారం, పొద్దున్న ఆరు గంటలు. ఎప్పటిలా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మోగలేదు. మళ్ళీ పట్టుకున్నాను. చెవి ఆనించాను. మోగలేదు. ఆయన మాత్రం గురక పెడుతున్నారు. లేపి, ఆటో ఎక్కించి, ఏడున్నరకి రాజమండ్రి చేర్చాను. నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. తీస్తామన్నారు, చెయ్యి దక్కుతుందో లేదో చెప్పలేమన్నారు. లోపలికి తీసుకెళ్ళాక నేను పట్టిసీమ వీరభద్రుడికి మొక్కుకున్నాను. "ఈ చెయ్యి నిలబెట్టు స్వామీ, నీకు చెయ్యి తెచ్చి ఇచ్చుకుంటాను" అని. పన్నెండుంపావుకి బయటికి తీసుకొచ్చారు. పట్టుకుని చూశాను. మోగుతోంది.

కళ్ళు బాగైతే వెండి కళ్ళు, కాళ్ళు బాగైతే వెండి కాళ్ళు సమర్పించడం మీకూ తెలిసిందే. నేనూ షాపుకి వెళ్ళి వెండి చేతులు చూశాను. అన్నీ ఒకే అచ్చు. కుడో ఎడమో కూడా తెలియదు. గోళ్ళు లేవు, మచ్చ లేదు, నా పేరు లేదు. ఇది ఎవరి చెయ్యని స్వామి అనుకుంటాడు? ఊళ్ళో ఎవడి చేతికో రాసేస్తే? నాకు మనసొప్పలేదు. వచ్చేశాను.

నవంబరు 13, గురువారం. జెల్ చేతికి కాలం తీరింది. వేలసార్లు గుచ్చారు కదా, ఎక్కడ నొక్కినా ఎర్రనీళ్ళు కారుతున్నాయి. అప్పటికే అదే అచ్చులో రెండోది పోసేశాం. దేవిశ్రీ మోటారు తీసేసుకుని, రిజిస్టర్‌లో పారేసినట్టు రాసి సంతకం చేసి, "పిన్నిగారూ, వెళ్తూ వెళ్తూ దీన్ని చెత్త సంచిలో వేసెయ్యండి" అని నాకిచ్చింది. సరే అన్నాను. ఆ పిల్ల చేసింది అంతవరకే. సంచి దగ్గర దాకా వెళ్ళాను. అందులో వాడిన సిరంజిలు, చేతి తొడుగులు, ఎవరో తినేసిన బిస్కట్ల కాగితాలు. నా పేరు ఉన్న చెయ్యి అందులో ఎలా వేస్తాను? కొంగులో చుట్టుకుని వచ్చేశాను. స్వామి తనకి కావలసిన చెయ్యి తనే చూసుకున్నాడు అనిపించింది. ఇది నేను చేసిన తప్పు. దేవిశ్రీకి ఒక మాట చెప్పాల్సింది, చెప్పలేదు.

నాలుగు రోజులు తడిగుడ్డలో చుట్టి మా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాను. శనివారం ఆయన మజ్జిగ కోసం తలుపు తీసి కేక పెట్టారు. తర్వాత దాంతో షేక్‌హ్యాండ్ ఇచ్చి, "బాగున్నావా తమ్ముడూ" అని పలకరించారు. ఎందుకు తెచ్చావంటే చెప్పలేదు. తీరని మొక్కు బయటికి చెప్పకూడదు.

ఇక ఆదివారం గొడవ. నవంబరు 16, పదకొండు గంటలకి. మా వీధి వాళ్ళు మీకు చెప్పింది నిజమే. నేను ఆ మాట అన్నాను. మా ఆయన రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే తాగాలి. కొబ్బరినీళ్ళు అసలు పనికిరావు, గుండె ఆగిపోతుందట. చుట్టూ కొబ్బరిచెట్లు, ఆయనకి బోండం విషం. ఆ రోజు కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఒక బోండం కొట్టించుకుని, పెరట్లో గోడచాటున తాగేసి, రెండోదాని మీద చెయ్యి వేస్తున్నారు. నేను చూశాను. "ఇంకోసారి బోండం ముట్టుకున్నావంటే ఆ చెయ్యి నరికి గోదాట్లో పారేస్తాను" అని అరిచాను. కోపంలో నువ్వు అనేశాను. మామూలుగా మీరు అనే అంటాను. ఆ మరునాడే గోదాట్లో చెయ్యి వదిలాను. అయ్యా, ఇది ఎలా వినబడుతుందో నాకు తెలుసు. కానీ జరిగింది అదే.

నవంబరు 17, కార్తీక సోమవారం. తెల్లవారి 5:40 బస్సుకి బయలుదేరి, రాజమండ్రిలో మారి, కొవ్వూరులో మారి, తొమ్మిదింపావుకి పట్టిసీమ రేవు చేరాను. పడవలో లంక మీది గుడికి వెళ్ళాను. చెయ్యి తువ్వాలు తీసి చూపించగానే పూజారి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏంటమ్మా ఇది! కార్తీకమాసంలో మాంసం గుడిలోకి తెస్తావా!"

"మాంసం కాదండీ, జెల్."

"జెల్లీ అయినా సరే, లోపలికి వద్దు!"

నేను అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. పచ్చబొట్టు కూడా చదివారు. తడిగా కారేది హుండీలో వేయడం కుదరదని, గోదారమ్మకి ఇచ్చుకుంటే స్వామికే చేరుతుందని చెప్పి, కాస్త విభూతి దాని మీద చల్లారు. మనసున్న మనిషి.

పది నలభైకి తిరుగుపడవ ఎక్కాను. చేటలో పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ, రెండు అరటిపళ్ళు, పూలు పెట్టాను. చెయ్యి మణికట్టుకి తొమ్మిది పోగుల పసుపుదారం కట్టాను. నడిగోదావరిలో వదలబోయి ఆగాను. అలవాటు కొద్దీ వేళ్ళతో పట్టుకుని చూశాను. మోటారు తీసేశారు కదా, మోగలేదు. చల్లగా ఉంది. అక్టోబరులో ఆ పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. "ఈ ఆగిపోయింది నువ్వు తీసుకో తల్లీ, ఆ మోగేది నాకు ఉంచు" అని చెప్పి వదిలేశాను. చేట కొంతదూరం పోయి ఒరిగింది. పడవవాడు ముందుకి చూస్తున్నాడు. ఇంకెవరూ చూడలేదు.

మంగళవారం సాయంత్రం హరిబాబు అనే వేటగాడి వలలో అది పడింది. అతను హడలిపోయి ఫోటో తీసి మా వేటవాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఆ పచ్చబొట్టు ఎరగనివాళ్ళు గోదావరి మీద లేరు. నిన్న బుధవారం పదిన్నరకి మీ కానిస్టేబుళ్ళు ఇద్దరు మా గుమ్మంలో దిగారు. వాళ్ళ వెనకే మా ఆడపడుచు గుండెలు బాదుకుంటూ "అన్నయ్యో, ఎంత పని చేసిందిరా ఈ ముండ" అని వీధి మొదట్నుంచే ఏడుపు అందుకుంది. మా ఆయన తలంటు పోసుకుంటున్నారు. కుంకుడు పులుసు కళ్ళలో పడి, తువ్వాలు కట్టుకుని బయటికొచ్చి, "ఎవరే పోయింది?" అని అడిగారు. ఆవిడ ఆయన్ని చూసి ఇంకా గట్టిగా అరిచింది. చివరికి ఆయన రెండు చేతులూ పైకెత్తి కానిస్టేబుళ్ళకి చూపించారు. "ఆయ్, లెక్క చూసుకోండి బాబూ, రెండూ ఉన్నాయండి" అన్నారు.

అది కాలేజీ ల్యాబ్‌లో చేసిందని మా ఆయన చెప్పాక, నిన్న సాయంత్రం మీరు కాలేజీకి వెళ్ళి అడిగినప్పుడు దేవిశ్రీ తానే గోదాట్లో వేశానంది. రాసిచ్చి సంతకం కూడా చేసింది. ఎందుకలా అన్నావే అని ఇవాళ పొద్దున్న ఈ స్టేషన్ మెట్ల మీదే అడిగాను. "మిమ్మల్ని లోపల కూర్చోబెడితే ఇవాళ బాబాయిని మిషన్‌కి ఎవరు తీసుకెళ్తారు పిన్నీ" అంది. ఏడో చెయ్యి పాడైతే ఏడ్చిన పిల్ల, ఉద్యోగం పోతుందంటే ఏడవలేదు. నాకు కూతురు లేదు. ఉంటే ఇంత మొండిది పుట్టేదేమో.

ఈ మాట దాకా విని ఎస్సై గారు అడిగారు, "ఆ అమ్మాయి నేనే వేశానంటోంది, నువ్వూ నేనే వేశానంటున్నావు, ఏది నమ్మమంటావు?" అని. రుజువు ఉందన్నాను. చెయ్యి తెప్పించమన్నాను. తెల్లటి ట్రేలో తెచ్చి బల్ల మీద పెట్టారు. పసుపుదారం ఇంకా మణికట్టుకే ఉంది. ఆ ముడి చూడమన్నాను. అది వల ముడి. తడిస్తే ఇంకా బిగుస్తుంది, ఎటు లాగినా జారదు, రోజంతా ఏట్లో కొట్టుకుపోయినా ఊడదు. వల అల్లేవాళ్ళకి తప్ప రాదు. దేవిశ్రీని పిలిచి, దారం ఇచ్చి, అలాంటి ముడి వేయమన్నారు. ఆ పిల్ల నావైపు చూసి, బూటు లేసు ముడి వేసింది. ఎస్సై గారు లాగితే ఊడిపోయింది. నాకిచ్చారు. దారం వైపు చూడకుండానే వేసిచ్చాను. ఎస్సై గారు లాగారు, సూర్యకళ గారు లాగారు. రాలేదు.

అప్పుడు దేవిశ్రీ ఏడ్చింది.

టెక్నీషియన్ తన పని ప్రకారం చెయ్యిని పారేయడానికే ఇచ్చిందని, దారి మళ్ళించింది నేనని, ఆమె తప్పేమీ లేదని కాలేజీ ప్రిన్సిపాల్ గారికి రాసి పంపుతామని ఎస్సై గారు నా ముందే చెప్పారు. క్రిస్టినా మేడం గారికి ఫోన్ చేసి కూడా ఆ మాటే చెప్పారు. మేడం గారు సోమవారం ఆ పిల్లని తన పక్కనే నిలబెట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి తీసుకెళ్తానన్నారు. నామీద ఏ కేసు పెట్టినా పర్లేదు. మంగళ, గురు, శని మధ్యాహ్నాలు వదిలేసి మిగతా రోజుల్లో ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. హరిబాబు భయపడ్డందుకు క్షమించమని అడుగుతున్నాను. రేకులు పంపిస్తాను.

చెయ్యి తిరిగి తీసుకుంటావా అని అడిగారు. ఇచ్చేసింది ఎలా తీసుకుంటానన్నాను. కానీ దేవిశ్రీ ఏడుపు మధ్యలోనే దాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. ఒకరోజంతా నీళ్ళలో నాని, వలలో పడి, ఐసు పెట్టెలో ఉన్నా పన్నెండు పొరల్లో ఒక్కటీ లేవలేదట. ఎందుకు లేవలేదో కోసి చూడాలట. స్వామి వలలో వేసి వెనక్కి పంపింది ఇందుకేనేమో. ఆ పిల్లకే ఇచ్చెయ్యండి.

సూర్యకళ గారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. "ముండ" అన్న మాట తీసేస్తానన్నారు, ఉంచమన్నాను. మా ఆడపడుచు అన్నది అన్నట్టే ఉండాలి. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు, దాచింది కూడా లేదు.

వేలిముద్ర వేయమని ఇంకు డబ్బా పెట్టారు. నాకు సంతకం వచ్చన్నాను. కానీ చూసి రాస్తేనే కుదురుతుంది. ఎస్సై గారు బల్ల మీది చెయ్యి నా ముందుకి జరిపి, "ఇదిగో ఉందిగా, చూసి రాసెయ్" అన్నారు. అది నేను రాసింది అయ్యా. ఆయన చేతి మీద ఉన్నది ఆయన నొప్పి పడి రాయించుకున్నది. నేను ఎప్పుడూ అది చూసే రాస్తాను. బయట బెంచీ మీద ఉన్నారు, ఒకసారి లోపలికి పిలవండి.

ఆయన వచ్చి కూర్చున్నారు. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టారు. పట్టుకున్నాను. మోగుతోంది. టైము పదకొండూ పది. ఇక సంతకం పెట్టి బయలుదేరతాం.

(సంతకం) అప్పాయమ్మ

నా ఎదుట, భర్త చేతిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో సంతకం చేసినది. రాసినది: సూర్యకళ, మహిళా కానిస్టేబుల్.